పూర్వీకులను కుట్టుకున్న గుడ్డ

భద్రాచలం, దుమ్ముగూడెం, మణుగూరు అడవి పల్లెల్లో కోయల ఇలవేల్పు బయటికొచ్చిందంటే ముందుగా కంటబడేది పడిగె. మూడు మూలల ఎర్ర గుడ్డ, దాని నిండా బొమ్మలు. పాతకాలపు పడిగెలో ఆ బొమ్మలు కుంచెతో వేసినవి కావు. వేరే రంగు గుడ్డల్లోంచి కత్తిరించి, ఎరుపు మీద పరిచి కుట్టినవి.

తెలంగాణ బట్టల గురించి రాసేవాళ్లం పోచంపల్లి ఇక్కత్తు, గద్వాల చీర దగ్గరే ఆగిపోతాం. అవి మగ్గం పనులు. పడిగె మీది పనంతా కత్తెరదీ సూదిదీ. నూలుగుడ్డను కోయగానే అంచున పోగులు ఊడతాయి. అందుకే అతుకు పనిలో అంచును లోపలికి మడిచి, చుట్టూ దగ్గర దగ్గరగా కుట్లు వేయాలి. చంక కిందా, కాళ్ల మధ్యా మడత సరిగా కూర్చోదు. అక్కడ కత్తెరతో చిన్న గాటు పెట్టి తిప్పుకోవాలి. సన్నటి వేళ్లు, కనుబొమలు ఈ పనికి లొంగవు. కాబట్టి మనిషి ఒక నిండు ఆకారమవుతాడు. గాలికి ఊగే గుడ్డ మీద, దూరం నుంచి కూడా ఆనవాలు పట్టగలిగేది ఆ నిండుదనం వల్లే. దీన్ని మోటు పని అనేవాళ్లతో నేను ఒప్పుకోను.

ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో ఈ వేల్పు గుడ్డ వర్ణన ఉంది. తెలుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు గుడ్డల్లో కత్తిరించిన పూర్వీకుల బొమ్మలు. వెదురు కొసన జడలబర్రె తోక వెంట్రుకలు. ఏడాదికోసారి కుటుంబ పెద్ద దాన్ని తన వాళ్లందరి దగ్గరికీ తిప్పుతాడు. ముఖ్యుడైన మగవాడు పోతే అతని గుర్తుగా మరో బొమ్మ చేరుతుంది. నన్ను కట్టిపడేసేది ఈ చివరి సంగతి. చీర మగ్గం దిగితే పూర్తయినట్టే. ఈ గుడ్డ మీద మాత్రం వంశం సాగినంత కాలం సూది ఆడుతూనే ఉంటుంది. ఆ వర్ణనలో ఆడవాళ్ల బొమ్మల ఊసు లేకపోవడం వెలితిగా తోస్తుంది. సమ్మక్క సారలమ్మలను కొలిచే జనం కదా!

బొమ్మ ఎవరిదో తెలియాలంటే కోయల వంశగాథలు పాడే డోలి కోయలు పాడాలి. కోయల వంశ శాఖలను గట్టులంటారు. మూడో గట్టు నుంచి ఏడో గట్టు దాకా ఏ గట్టు పుట్టుపూర్వోత్తరాలైనా వాళ్ల నోటనే ఉన్నాయి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ విద్యలో దిట్ట. సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు.

ఆఫ్రికాలో, ఇప్పటి బెనిన్ దేశంలోని అబొమేలోనూ రాజుల గుర్తులను ఇలాగే కత్తిరించి కుట్టేవారు. గ్లేలే రాజుకు సింహం, బెహాంజిన్‌కు సొరచేప. అక్కడ అది ఆస్థానపు కళ. ఇక్కడ కుటుంబాలు తమ గుడ్డను తామే కాపాడుకున్నాయి.

మ్యూజియం కోసం గుడ్డను మాత్రమే కొనుక్కుపోతే సగం కూడా దక్కదు. గుడ్డను కాపాడుతున్న కుటుంబం ఒప్పుకుంటే, ఒక్కో బొమ్మనూ చూపిస్తూ డోలి కోయ పాడే పాటను రికార్డు చేయాలి. గుడ్డ వెనకవైపు కూడా ఫోటోలు తీయాలి. ఏ బొమ్మ ముందు చేరిందో, ఏది తర్వాత వచ్చిందో అక్కడి దారాలను బట్టి పోల్చుకునే వీలుంటుంది.