నాలుగో వేలి పనితనం

టెరోసార్ బొమ్మను చేతిలోకి తీసుకుంటే ముందు చూడాల్సింది ముక్కూ కాదు, తలమీది తురాయీ కాదు. మణికట్టు చూడాలి. కోట్ల ఏళ్ళనాటి ఆ ఎగిరే సరీసృపం రెక్కంతా ఒక్క వేలి మీదే నిలిచేది, నాలుగో వేలి మీద. ముందున్న మూడు వేళ్ళూ గోళ్ళతో పొట్టిగా మిగిలిపోగా, నాలుగోది సాగి సాగి రెక్కకు అంచయింది. ఐదోది లేనేలేదు. మణికట్టు దగ్గర మెడవైపు తిరిగి ఇంకో సన్నటి ఎముక ఉంటుంది, టెరాయిడ్ అంటారు. మెడకీ చేతికీ నడుమనున్న ముందు పొరను బిగించేది అదే. మరే జంతువుకూ ఆ ఎముక లేదు. బొమ్మ చేసినవాడు దాన్ని మరవకుండా చెక్కాడంటే మిగతా ఒళ్ళు కూడా చదువుకునే చేశాడని నమ్మవచ్చు.

మా పల్నాడులో ఈ బొమ్మలు కొత్తేం కాదు. కోటప్పకొండ తిరునాళ్లలో కవరు కట్టి అమ్మే ప్లాస్టిక్ డైనోసార్లలో రెక్కలది ఒకటి ఉంటుంది. టెరోసార్లు డైనోసార్లు కావు, వాటికి దగ్గరి చుట్టాలు. ఆ తేడా కవరు మీద వెతకడం అత్యాశే. రెక్క చూస్తే పొర నిండా ఈనెలు, అచ్చం గబ్బిలానికి ఉన్నట్టు. గబ్బిలం రెక్కలో నాలుగు వేళ్ళు పరుచుకుని ఉంటాయి, టెరోసార్ రెక్కకు అంచున ఒక్కటే. (‘గబ్బిలం’ కావ్యం రాసిన జాషువా పుట్టిన వినుకొండ మా ఊరు శావల్యాపురానికి పక్కనే. గబ్బిలాన్ని చిన్నచూపు చూసే ధైర్యం మాకెవరికీ లేదు.) ఆ బొమ్మ టెరనోడాన్ అయితే నోట్లో వరసగా పళ్ళు కూడా పెట్టి ఉంటారు. అమెరికాలో మార్ష్ అనే శాస్త్రవేత్త 1876లో దానికి పేరు పెట్టినప్పుడే పళ్ళు లేని జీవి అని తేల్చి చెప్పాడు. కాళ్ళకు గద్ద గోళ్ళు తగిలించడం ఇంకో అలవాటు. సినిమాల్లో మనిషిని కాళ్ళతో ఎత్తుకుపోయే దృశ్యం నుంచి వచ్చింది అది. నిజానికి ఆ పాదాలు నేలమీద ఆనించి నడవడానికే గానీ దేన్నీ పట్టుకోలేవు.

సరే, అది ఇరవై రూపాయల బొమ్మ. పిల్లవాడు గోడకేసి కొట్టినా విరగదు, అది దాని గొప్ప. పనితనం వెతకాలంటే మరోచోటికి పోవాలి. అమెరికాలో మార్క్స్ కంపెనీ 1950ల్లోనే ఒకే రంగు ప్లాస్టిక్‌లో టెరనోడాన్ పోసింది. 1988లో పిట్స్‌బర్గ్ కార్నెగీ మ్యూజియం శాస్త్రవేత్తల పర్యవేక్షణలో సఫారి లిమిటెడ్ కంపెనీ మొదలుపెట్టిన వరస మాత్రం వేరు. అసలు జంతువులో నలభయ్యో వంతు అని కొలత పెట్టుకుని చేసిన బొమ్మలవి. 2015లో ఆ వరస ఆగిపోయింది.

అదే కంపెనీ తర్వాత చేసిన క్వెట్జల్‌కోట్లస్ దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోతాను. 1971లో డగ్లస్ లాసన్ అనే విద్యార్థికి టెక్సాస్‌లో దొరికిన జీవి ఇది. రెక్కలు చాపితే పది మీటర్ల పైమాట. రెక్కలు పరిచిన బొమ్మ చేస్తే అంగడిలో కంటికి ఇంకా గొప్పగా ఆనేది. వీళ్ళు నాలుగు కాళ్ళ మీద నిలబెట్టారు. టెరోసార్లు నేలమీద నాలుగు కాళ్ళతో నడిచేవని రాళ్ళలో మిగిలిన అడుగుజాడలు చెబుతున్నాయి. చేతి వేళ్ళ ముద్రలు ముందుకు కాక పక్కకు చూస్తుంటాయి. నడిచేటప్పుడు నాలుగో వేలు గొడుగు మడిచినట్టు వెనక్కి పైకి మడుచుకుని ఒంటిపక్కకు చేరేది. పొర బట్టలా కిందికి వేలాడేది కాదు. లోపలి సన్నటి పోగుల వల్ల కుంచించుకునేది. ఈ ఒక్క భంగిమలో ఇంత శరీరశాస్త్రం ఇమిడి ఉంది. ఒంటిమీద నూగు కూడా మరవలేదు. టెరోసార్లకు వెంట్రుకల్లాంటి పోగులుండేవని 1971లో షరోవ్ వర్ణించిన సోర్డెస్ శిలాజం చూపించింది.

అయితే నిలబెట్టడం తేలిక కాదు. తలా మెడా ముందుకి లాగుతాయి, కాళ్ళేమో సన్నం. పీవీసీ వేడికి లొంగే సరుకు. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలుసు, మా ఊరు ఆ జిల్లాలోదే. మే నెలలో కిటికీ పక్కన పెట్టిన బొమ్మకు ముంజేయి వంగి ముక్కు బల్లకు ఆనుతుంది. చెయ్యి పట్టనంత వేడి నీళ్ళలో కాసేపు ఉంచి, వంపు సరిచేసి, వెంటనే చల్లనీళ్ళలో ముంచితే మళ్ళీ నిలబడుతుంది. చాపిన రెక్కలైతే ఇంకా తొందరగా జారుతాయి.

పొర మందం సంగతి మరీ ముచ్చటైనది. అసలు పొర నాలుగు మిల్లీమీటర్లు ఉందనుకున్నా, నలభయ్యో వంతుకు మిల్లీమీటరులో పదో వంతు. కాగితం అంత. ప్లాస్టిక్‌లో అంత పలచగా పోస్తే పెట్టెలోనే చినుగుతుంది. మంచి శిల్పి ఎముక పక్కన మందం ఉంచి, వెనక అంచుకు వచ్చేసరికి పలచన చేసుకుంటూ వస్తాడు. మనం చూసేది అంచునే కాబట్టి రెక్కంతా పలచనే అనిపిస్తుంది. చవక బొమ్మలో అంచు కూడా అట్టలా ఉంటుంది. బొమ్మను తిరగేసి పొట్టవైపు, చంకలో అతుకు గీత చూడండి. చాపిన రెక్కకైతే రెండు అచ్చులు కలిసే గీత అంచులోనే కలిసిపోతుంది. మడిచిన రెక్కలో దాచడానికి చోటుండదు, ముక్కలు విడిగా పోసి అతకాల్సిందే.

ఆ పని మన కొండపల్లి వాళ్ళకు తరతరాలుగా తెలుసు. తెల్ల పొణికి కర్రలో ఒళ్ళు వేరుగా, చేతులు వేరుగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి రంగులేస్తారు. అతుకు కనిపించదు. వాళ్ళ చేత ఒక టెరోసార్ చేయించాలంటే మన జీవే ఉంది. ప్రాణహిత-గోదావరి లోయలో ‘కోట’ అని పిలిచే శిలల్లో దొరికిన దవడ ముక్కకు 1974లో ఎస్.ఎల్. జైన్ క్యాంపిలోగ్నథాయిడెస్ ఇండికస్ అని పేరు పెట్టారు. అది ఆ జాతిదేనా అని తర్వాతి పండితులు సందేహించారు. అవే శిలల్లోని కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో ఠీవిగా నిలబడి ఉంటే, దీనికి దక్కింది ఆ కాస్త దవడే. కాబట్టి ఒళ్ళంతా జర్మనీ హోల్జ్‌మాడెన్‌లో దొరికిన చుట్టాల నుంచి అరువు తెచ్చుకోవాలి: పొడవు తోక, పెద్ద కంటి గూడు, మీటరు పైన రెక్కలు. అంత చిన్న జీవి కాబట్టి ఐదో వంతుకు చెక్కినా జానెడు బొమ్మే అవుతుంది, టెరాయిడ్ ఎముకకు కూడా ఉలి ఆనుతుంది.

చిక్కు పొరతోనే. పొణికిని అంత పలచగా చెక్కితే పీచు వెంట చీలుతుంది. నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్ళు వెలుతురు దూరేంత పలచగా గీకే మేకతోలు అయితే సరిపోతుందని నా ఆలోచన. కర్ర వేలికి అంచున తోలు బిగించి, కాలి మడమ దాకా లాగి కట్టాలి. కాకపోతే తోలు తనంతట కుంచించుకోదు, మడిస్తే ముడతలు పడుతుంది. అందుకని ఇంతసేపు నేను నిలబడ్డ భంగిమను మెచ్చుకున్నా, ఈ ఒక్కదాన్ని మాత్రం రెక్కలు చాపే చెయ్యమంటాను.