జ్యోతి మాట యేది?

త్యాగరాజన్ కుమారరాజా దర్శకత్వమున 2019లో వెలువడిన తమిళ చిత్రము “సూపర్ డీలక్స్”. అందలి యొక కథలో, ఇల్లు విడిచిపోయిన మాణిక్కము ఏండ్లు గడచిన పిమ్మట శిల్ప యను స్త్రీయై భార్యాపుత్రుల కడకు మరలివచ్చును. విజయ్ సేతుపతి యీ పాత్రమును గంభీరముగా పోషించి జాతీయ పురస్కారము బడసెను. పాఠశాలలో, పోలీసుఠాణాలో శిల్పకు గలిగిన యవమానములు మనకు సిగ్గు గొలుపును. ఏ రూపముననున్నను తండ్రి తండ్రియేయని బాలుడు గ్రహించుట యీ కథకు ప్రాణము.

కాని భార్యయైన జ్యోతికి మాటలు మిక్కిలి తక్కువ. భారతమునను ఇట్లే జరిగినది. ఆడపిల్లగా పుట్టి, మగవాడుగా పెరిగి, పెండ్లియాడిన శిఖండికి స్థూణాకర్ణుడను యక్షుడు పురుషత్వ మిచ్చెను. మామ హిరణ్యవర్మ శాంతించెను. అటుపై ఆ రాజపుత్రి మాట వినరాదు.

తన లింగమును తానే నిర్ణయించుకొను హక్కును సుప్రీంకోర్టు 2014లో అంగీకరించినది. అది న్యాయమే. శిల్ప స్త్రీయగుట దోషము కాదు. ఆలుబిడ్డలను దిక్కులేక విడుచుట దోషము. మార్కాపురము, గిద్దలూరు వంటి మన యూళ్లలో లోకులు మొదటిదానిని నిందించి రెండవదానిని మరతురు. తన బ్రతుకును నిర్ణయించుకొను హక్కు శిల్పకెంత గలదో, కలిసియుండుటయో విడిపోవుటయో తేల్చుకొను హక్కు జ్యోతికిని అంతయే గలదు. ఆమె నడుగని దయ సగము దయయే.