మండేలాను చూసిన కళ్లు మండల్‌ను ఎలా చూశాయి?

వేదాద్రి దళితవాడలో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న కుర్రాడొకడు జనరల్ నాలెడ్జి పుస్తకం మా ముందు పెట్టాడు. "భారతరత్న పట్టికలో 1990 దగ్గర అంబేద్కర్, మండేలా ఇద్దరే ఉన్నారు గదా సార్. మరి పేపర్లవాళ్లు ఇద్దర్నీ కలిపి ఎందుకు రాయలేదు?" అన్నాడు. ఈ వ్యాసానికి ఆ ప్రశ్నే మూలం.

1990 ఫిబ్రవరి 11న, ఇరవయ్యేడేళ్ల జైలు తర్వాత మండేలా బయటికొచ్చారు. ఆగస్టు 7న వి.పి. సింగ్ మండల్ సిఫార్సుల అమలు ప్రకటించారు. సెప్టెంబరు 19న ఢిల్లీలో రాజీవ్ గోస్వామి అనే విద్యార్థి ఒంటికి నిప్పంటించుకున్నాడు. అక్టోబరులో మండేలా ఢిల్లీ వచ్చి భారతరత్న అందుకున్నారు. ఇవన్నీ ఒకే ఏడాది, అవే పత్రికల పేజీల మీద నడిచాయి. నల్లవాళ్లు మెజారిటీ కాబట్టి రాజ్యం వాళ్లకే రావాలన్నది అక్కడ న్యాయం. ఇక్కడ వెనకబడిన కులాలకు కేంద్ర ఉద్యోగాల్లో 27 శాతం అనేసరికి ప్రతిభ చచ్చిపోతోందని గగ్గోలు. అరుణ్ శౌరి ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో నడిపిన మండల్ వ్యతిరేక ప్రచారం అందరికీ తెలిసిందే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

పైగా మన పత్రికలు చూపించిన మండేలా సగం మండేలాయే. ఆయన్ని గాంధీ వారసుడిగా నిలబెట్టారు. గాంధీ అంటే మండేలాకు గౌరవం ఉంది, కాదనం. కానీ 1961లో సాయుధ దళాన్ని స్థాపించింది కూడా ఆయనే. ఆ మండేలా సన్మానపత్రాలకు పనికిరాడు. గాంధీ పక్కన నిలబెడితే దక్షిణాఫ్రికా పోరాటం మన దేశపు మంచితనానికి సాక్ష్యమవుతుంది. అంబేద్కర్ పక్కన నిలబెడితే అదే పోరాటం మన ఊరి మీద ఫిర్యాదవుతుంది.

ఇక తెలుగు మాట సంగతి చూడండి. దక్షిణాఫ్రికాలో జరిగేదానికి మన పత్రికలు పెట్టిన పేరు 'వర్ణవివక్ష'. వర్ణం అనే మాట పుట్టిందెక్కడ? చాతుర్వర్ణ్యం దక్షిణాఫ్రికాలో రాశారా? మన సొంత సరుకును మాటగా అక్కడికి ఎగుమతి చేసి, ఇక్కడ జరిగేదాన్ని మాత్రం 'ఇరువర్గాల ఘర్షణ' అన్నారు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మూడు రోజులకు, జూలై 20న, దక్షిణాఫ్రికాలో బోథా ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఒకే వారం వార్తలివి. ఒకదానికి వర్ణవివక్ష, రెండోదానికి ఘర్షణ! చంపినవాళ్లూ చచ్చినవాళ్లూ సమానంగా తలపడ్డట్టు.

దౌత్యాన్ని పత్రికలే నడిపాయని మేం అనడం లేదు. 1946లోనే భారత్ దక్షిణాఫ్రికాతో వ్యాపారం ఆపేసింది, అక్కడి భారతీయుల సమస్యను ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్లింది. 1974లో డేవిస్ కప్ ఫైనల్ కూడా వదులుకుంది. అవి మంచి పనులే. అదే 1946లో అంబేద్కర్ అమెరికాలోని డుబోయిస్‌కు ఉత్తరం రాసి, నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి ఇస్తున్న వినతిపత్రం ప్రతి పంపమన్నారు. అంటరానివాళ్లు కూడా ఆ దారి పట్టే ఆలోచనలో ఉన్నారని ఆయన అందులో చెప్పారు. మొదటి కథను దేశం గొప్పగా చెప్పుకుంది. రెండోది మన పిల్లల పాఠాల్లోకి రాలేదు.

ఆ మౌనం ఫలితం 2001లో డర్బన్‌లో కనిపించింది. జాతివివక్ష మీద జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సులో కులం మాట రాకూడదని భారత ప్రభుత్వం పట్టుబట్టింది. మంత్రి ఒమర్ అబ్దుల్లా అక్కడికి వెళ్లి ఆ వాదనే వినిపించారు. అంతకుముందే ఆంద్రె బేటెయ్ హిందూ పత్రికలో కులాన్ని జాతిగా చూడడం శాస్త్రానికి నిలవదని రాశారు. అసలు దళితులు కులమూ జాతీ ఒకటేనని ఎప్పుడన్నారు? 1965 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో జాతి, రంగుతో పాటు 'వంశం' అనే మాట ఉంది. ఆ మాట చేర్చమని అడిగింది భారతదేశమే. కులం దాని కిందికి వస్తుందని ఆ ఒడంబడిక కమిటీ 1996లోనే మన ప్రభుత్వానికి చెప్పింది. అడగని ప్రశ్నకు పండితులు జవాబిచ్చారు, అడిగినదాన్ని దౌత్యవేత్తలు దాటేశారు. చివరి పత్రంలో కులం మాటే లేదు.

ఇది ఇంటి గుట్టు, బయటపెట్టొద్దు అన్న వాదన పాఠకుడికి సబబుగా తోచిందంటే, అంతకుముందు పదిహేనేళ్లు అతను చదివిన వార్తలే కారణం. ఆ వార్తలు రాసిందెవరు? 1996లో బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో ఒక్క దళిత జర్నలిస్టు కోసం వెతికి, దొరకలేదని పయనీర్ పత్రికలో రాశారు.

2013 డిసెంబరు 5న మండేలా చనిపోతే మన ప్రభుత్వం ఐదు రోజులు సంతాపం ప్రకటించింది. నాలుగున్నర నెలలకు, 2014 ఏప్రిల్ 22న, 1991లో ఎనిమిదిమంది దళితుల్ని చంపిన చుండూరు కేసులో హైకోర్టు ముద్దాయిలందరినీ విడిచిపెట్టింది. వేదాద్రి కుర్రాడి పుస్తకంలో మొదటి తేదీ ఉంది. రెండోది అతను అంచున పెన్నుతో రాసుకున్నాడు.