ఎంచుకునే ఆసుపత్రి ఎవరికుంది?

పత్రికల ఆడవాళ్ల పేజీల్లో ఏడాదికి రెండు మూడుసార్లన్నా కనపడే వ్యాసం ఒకటుంది. స్త్రీల ఆసుపత్రిని ఎంచుకునే ముందు ఏమేం చూసుకోవాలో చెప్పే వ్యాసం. డాక్టరమ్మ అనుభవం ఎంతో కనుక్కోండి, నాలుగు చోట్ల విచారించండి, ఇంకో డాక్టరు అభిప్రాయం కూడా తీసుకోండి, మొహమాటపడకుండా ప్రశ్నలు వెయ్యండి అంటుంది. సలహాల్లో తప్పేమీ లేదు. నా పేచీ ఆ వ్యాసం ఊహించుకున్న పాఠకురాలితో. ఆమె ఉన్న చోట నాలుగు క్లినిక్కులుంటాయి. నాలుగింటికీ తిరగడానికి ఛార్జీలుంటాయి. తిరిగిన రోజు కూలి పోతుందన్న రంది ఉండదు. డాక్టరు ఆమెకు కుర్చీ చూపిస్తుంది. ఇంటిపేరు చెపితే ఎవరూ మళ్లీ తలెత్తి మొహంలోకి చూడరు. ఆమె కులం ఏమిటో వ్యాసం ఎక్కడా చెప్పదు. చెప్పాల్సిన అవసరం పడనివాళ్ల కులం ఏదో మనకు తెలుసు.

ఇట్లాంటి రాతల్ని విమర్శకులు పట్టించుకోరు. కథలు, కవిత్వం అయితేనే విమర్శకు పనికొస్తాయనుకుంటారు. కానీ వాడలో ఒక్క కథ కూడా చదవని ఆడది ఆసుపత్రి గోడ మీది రాత చదివించుకుంటుంది, సంతకం పెట్టమన్న కాగితం మీద వేలిముద్ర వేస్తుంది. ఆమె బతుకును నేరుగా తాకే పాఠాలు ఇవి. అందుకే వీటిని చదవాలి.

తెలుగులో ఆడదాని కడుపు కవిత్వంలోకి రావడమే పెద్ద గొడవైంది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ లాంటి కవితలొచ్చిన ఆ కాలంలో, 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చినప్పుడు, నీలికవిత్వం అని వెక్కిరించినవాళ్లున్నారు. మాటలు పడి ఆ కవులు తెరిచిన దారి చిన్నదేమీ కాదు. అంతకు ముందు 1991లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ ఆడవాళ్ల ఒంటి గురించి తెలుగులో దాపరికం లేకుండా మాట్లాడింది. 1995లో ‘చిక్కనవుతున్న పాట’ వచ్చింది. వాడ మాట్లాడింది, ఎక్కువగా మగగొంతుతో మాట్లాడింది. ఈ పుస్తకాల మధ్య ఒక బెంచీ ఖాళీగా మిగిలింది. సర్కారు దవాఖాన వరండాలో చీటీ పట్టుకుని మాల, మాదిగ ఆడోళ్లు కూచునే బెంచీ అది. స్త్రీవాదం ‘నా శరీరం నా హక్కు’ అన్నది. మనవాళ్లు ‘మా కులం, మా ఆత్మగౌరవం’ అన్నారు. బెంచీ మీది మనిషికి రెండూ కావాలి, రెండూ ఆమెను దాటుకుని పోయినయి.

మాటల దగ్గర మొదలుపెడదాం. మనం ‘కడుపు తీయించుకోవడం’ అంటాం. తనంతట తాను జారిపోతే ‘కడుపు పోయింది’ అంటాం. ఈ రెండు మాటల్లో చేసిన పని ఉంది, జరిగిన నష్టం ఉంది, పాపం లేదు. చదువుకున్నవాళ్ల తెలుగు ‘గర్భవిచ్ఛిత్తి’ అంటుంది, అది మా అమ్మకు అర్థం కాదు. ఇంకో మాట ‘భ్రూణహత్య’. ఇది అందరికీ అర్థమవుతుంది, అక్కడే చిక్కంతా ఉంది. ఆడపిల్లని తెలుసుకుని తీయించకుండా ఆపడానికి 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టం వచ్చింది. అవసరమైన చట్టమే. కానీ దాని ప్రచారానికి గోడల మీద ‘భ్రూణహత్య మహాపాపం, నేరం’ అని రాయించినవాళ్లు, ఆ నేరం లింగం చెప్పడం, చెప్పించుకోవడం అన్న సంగతి మింగేశారు. చదివిన ఆడది ఏమనుకుంటుంది? కడుపు తీయించుకోవడమే నేరమనుకుంటుంది. ఎవరికీ చెప్పకుండా చీకట్లో తిరుగుతుంది. హత్య అన్న మాట స్మృతుల్లోంచి దిగి గోడెక్కింది. వాడ భాషలో ఆ మాట లేదు.

ఇక చట్టం. 1964లో వేసిన శాంతిలాల్ షా కమిటీ సిఫార్సుల మీద 1971లో ఎంటీపీ చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అమెరికాలో రో తీర్పు 1973లో వచ్చింది, అంటే మనకే ముందు వచ్చింది. ఆ తీర్పును 2022 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేస్తే, మన మేధావులు ‘చూశారా, మనమెంత ముందున్నామో’ అని రాశారు. చట్టాన్ని చదివితే ఆ గర్వం నిలవదు. కడుపు పోగొట్టడం ఇప్పటికీ నేరమే. 1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షన్ 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్ అయింది, ఆడదాన్ని కూడా ముద్దాయిగా చేసే వివరణతో సహా. ఎంటీపీ చట్టం ఆ నేరానికి ఇచ్చిన మినహాయింపు మాత్రమే. ఆ మినహాయింపు కూడా ఎవరికి? డాక్టరుకు. ‘సద్భావంతో’ డాక్టరు ఏర్పరచుకున్న అభిప్రాయం మీద వాక్యమంతా నడుస్తుంది. ‘నాకొద్దు’ అని ఆడది చెప్పే వాక్యం ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఆమె ఒప్పుకోవచ్చు, అడగడం మాత్రం లేదు.

ఆ డాక్టరును చట్టం ‘రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్’ అంటుంది. పొట్టి అక్షరాల్లో ఆర్‌ఎంపీ. నవ్వాలో ఏడవాలో తెలియని చోటిది. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అంటే ఎవరు? సైకిలో మోటారుసైకిలో వేసుకుని వాడలోకి వచ్చి సూదులేసే, ఏ రిజిస్టర్లోనూ లేని డాక్టరు. వాడలోకి వచ్చే డాక్టరు అతనొక్కడే. చట్టం ఎవరికైతే అనుమతి ఇచ్చిందో అదే పేరు మన దగ్గర అనుమతి లేనివాడిది. ఇంతకన్నా ముందు చాలా ఊళ్లలో కాన్పు చేసింది మాదిగ మంత్రసాని. అగ్రకులాల ఇళ్లలో బొడ్డు కోసి, మాయ పూడ్చి, ఇంట్లోకి రానియ్యని గడప అవతల నిలబడి చాటలో గింజలు తీసుకుపోయిన మనిషి. ఆమె చేతిపని మైల అయింది, అదే పని డాక్టరమ్మ చేస్తే విద్య అయింది. మంత్రసాని చేసినవన్నీ మంచివని నేననను. పుల్లలు పెట్టి, నాటుమందులు పెట్టి ప్రాణాలు పోయిన సంగతులు మనకు తెలుసు. కానీ ఆమెను తీసేసిన చోట ఏం పెట్టారన్నది నా ప్రశ్న.

ఫారం సి అని ఒకటుంది, ఒప్పుకోలు కాగితం. ‘ఫలానావారి కూతురు లేక భార్య’నైన నేను, ఇన్నేళ్లదాన్ని, ఫలానా చోట ఉంటున్నదాన్ని, ఒప్పుకుంటున్నాను అని ఉంటుంది. ఎవరో ఒక మగవాడి పేరు లేకుండా ఆమె ‘నేను’ అని మొదలుపెట్టలేదు. అయితే ఆ మగవాడి సంతకానికి ఆ కాగితంలో జాగా లేదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. 18 ఏళ్లు నిండి, మతిస్థిమితం ఉన్న ఏ ఆడదానికైనా ఆమె ఒక్కదాని ఒప్పుకోలు చాలు. మొగుడిదీ అత్తదీ అక్కర్లేదు. ఆ వయసు నిండనివాళ్లకు సంరక్షకులు రాసివ్వాలి. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు కూడా, చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టరాదని చెప్పింది. పెళ్లికాని ఆడవాళ్లనూ 24 వారాల దాకా వర్తించే నిబంధనలోకి తెచ్చింది. మొగుడి బలవంతాన్ని కూడా, ఈ చట్టం వరకు, అత్యాచారం కిందే చూడాలంది.

వరండాలో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. మా పెద్దమ్మ బిడ్డకు తోడుగా ఒక సర్కారు దవాఖానకు పోయిన. మా ఇంట్లో మొదట యూనివర్సిటీకి పోయినదాన్ని గనక కాగితాల పని నాదేనని అందరి నమ్మకం. నర్సమ్మ మొదటి ప్రశ్న ‘ఎందరు పిల్లలు?’ రెండో ప్రశ్న ‘ఆపరేషన్ చేసుకుంటవా?’ మా అక్క ‘ఇప్పుడొద్దమ్మా’ అంటే, ‘మరి కడుపెట్ల తీస్తం? మొగన్ని తోలుకరాపో’ అన్నది. చట్టంలో ఆ రెండు షరతులూ లేవన్నాను. నన్ను పైనుంచి కిందికి చూసి ‘నువ్వేం చదువుతున్నవ్?’ అని అడిగింది. పని అయింది. నేను పక్కన లేని అక్కల సంగతి?

ఆ ‘ఆపరేషన్’ ఊరికే వచ్చింది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం పిల్లల ఆపరేషన్ అయినవాళ్లే, దేశంలోకెల్లా ఎక్కువ. ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర 2014 నవంబరులో ఒక్క క్యాంపులో కొన్ని గంటల్లో 83 మందికి చేశారు, 13 మంది చచ్చిపోయారు. 2016లో దేవికా బిస్వాస్ కేసులో సుప్రీంకోర్టు మూడేళ్లలో క్యాంపులు ఆపమన్నది. తీసెయ్యడం ఇంకా ముందుకు పోయింది. 2015–16 సర్వే లెక్కల్లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశమంతా కలిపి 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెల్లబట్ట అని పోతే సంచి తీసి పంపిన ప్రైవేటు ఆసుపత్రులు పట్టణాల్లో ఎన్నో. వద్దన్న కడుపు తీయరు, కావాల్సిన సంచి తీస్తారు. 1994లో అమెరికాలో నల్లజాతి ఆడవాళ్లు ‘పునరుత్పత్తి న్యాయం’ అన్న మాట తెచ్చారు. పిల్లల్ని వద్దనుకునే హక్కు, కనే హక్కు, కన్నవాళ్లను గౌరవంగా పెంచుకునే హక్కు మూడూ ఒక్కటేనన్నారు. మన బెంచీకి ఇది సరిగ్గా సరిపోయే మాట.

ఇప్పుడు ఆ పత్రిక వ్యాసాన్ని వాడ నుంచి తిరిగి రాస్తే ఎట్లుంటుంది? మొదట నెల తప్పిన తేదీ గుర్తుండాలి, వారాల లెక్క ఆఖరి బయట చేరిన మొదటి రోజు నుంచి. తొమ్మిది వారాల లోపైతే మాత్రలు చాలు: మొదట మిఫెప్రిస్టోన్, ఒకటి రెండు రోజులకు మిసోప్రోస్టాల్. 12 వారాల దాకా గాలితో లాగే పద్ధతి ఉంది. గీకి తీసే పాత పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటున్నది. ‘గీకుతాం’ అనే చోట ఎందుకని అడగాలి. ప్రైవేటు ఆసుపత్రి అయితే ఈ పనికి అనుమతి పత్రం అందరికీ కనపడేట్టు గోడకు ఉండాలి, 2003 నిబంధనల ప్రకారం. సర్కారు దవాఖానకు విడిగా అనుమతి అక్కర్లేదు. పేరు బయటపెడితే ఏడాది దాకా జైలు, 2021 సవరణ ఆ సెక్షన్ చేర్చింది.

మాత్రల సంగతి ఇంకాస్త చెప్పాలి. 2015లో దేశంలో జరిగిన అబార్షన్లు 1 కోటి 56 లక్షలని ఒక పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. వాటిలో 73 శాతం ఆసుపత్రి బయట, మాత్రలతో. అంటే ఎంచుకునే క్లినిక్ చాలామందికి మందుల షాపే. పట్టణం మేధావులు దీన్ని అజ్ఞానం అంటారు. నాకిది లెక్క చూసుకుని వేసిన అడుగుగానే కనపడుతుంది: షాపువాడు కులం అడగడు, ఆపరేషన్ చేసుకొమ్మనడు. కానీ అతను వారాలు కూడా అడగడు, గర్భసంచి బయట నిలిచిన కడుపు మాత్రలకు పోదని చెప్పడు. వరుసగా రెండు గంటలపాటు గంటకు రెండు పెద్ద ప్యాడ్లు తడిసిపోతుంటే, జ్వరం తగ్గకపోతే, వాసనతో బట్ట అవుతుంటే, నొప్పి ఓర్చుకోలేకపోతే ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యాలి. ఆ తర్వాత డాక్టరు తిట్టినా వైద్యం చెయ్యకుండా పంపకూడదు.

మన సంఘాలతో కూడా ఒక మాట. ‘మన జనాభాయే మన బలం’ అని మీటింగుల్లో అన్నలు అంటుంటారు. ఓట్ల లెక్క నాకూ అర్థమవుతుంది. ఆ బలాన్ని కనేదెవరు, తొమ్మిది నెలలు మోస్తూ నాట్లేసేదెవరు అన్నది వాళ్ల లెక్కలోకి రాదు. ఊరి దొరకొడుకు పెళ్లి చేసుకుంటనని మోసం చేసిన పిల్ల మీద సంఘం ధర్నా చేస్తుంది, అట్రాసిటీ కేసు పెట్టిస్తుంది. మంచిదే. ఆ పిల్లకు కడుపు ఉంచుకోవాలని ఉందా లేదా అని ఎవరన్నా అడిగారా? కేసుకు సాక్ష్యంగా ఉండనీ అన్నవాళ్లను నేను చూశాను. తీసిన పిండాన్ని డీఎన్‌ఏ పరీక్షకు భద్రపరచవచ్చు, ఆ పిల్ల తొమ్మిది నెలలు మొయ్యాల్సిన పని లేదు.

2021 సవరణ 20 వారాల దాకా ఒక డాక్టరు, 24 దాకా ఇద్దరు డాక్టర్లు అన్నది. ఆ 20–24 మధ్య అందరికీ లేదు, నిబంధనల్లో ఒక జాబితా ఉంది: అత్యాచారానికి గురైనవాళ్లు, మైనర్లు, కడుపుతో ఉండగా మొగుడు పోయిన లేక విడాకులైనవాళ్లు, వికలాంగులు, మానసిక జబ్బున్నవాళ్లు, పిండంలో లోపం ఉన్నవాళ్లు, విపత్తుల్లో చిక్కినవాళ్లు. జాబితాలో పేదరికం లేదు, వలస లేదు. పాలమూరు నుంచి ఇటుకబట్టీకి పోయినామె అడ్వాన్సు తీరేదాకా బట్టీ దాటి రాలేదు. తిరిగొచ్చి, ఏఎన్‌ఎంను కలిసి, మండలంలో స్కానింగ్ లేదని జిల్లాకు పోయి, మొదటి రోజు డాక్టరు లేక, రెండో రోజు చీటీ తెగేసరికి 22 వారాలు. ఎదురుగా కూచున్న డాక్టరు ఆ జాబితా తీసి చూస్తాడు.