గుర్రాన్ని ఎరిగిన కెమెరా

పెళ్లి ఊరేగింపులో తెల్ల గుర్రాన్ని ఫోన్‌తో తీసిన ఫోటోలు ఒకసారి చూడండి. చాలావాటిలో తల పెద్దది, ముక్కు మరీ పెద్దది, వెనక కాళ్లు ఎక్కడో చిన్నగా ఉంటాయి. ఆ లోపం గుర్రానిది కాదు. ఫోన్ లెన్సు వెడల్పాటి దృశ్యాన్ని పట్టడానికి చేసినది. దానితో దగ్గరికెళ్లి తీస్తే ముందున్నది ఉబ్బుతుంది, వెనకున్నది కుంచించుకుపోతుంది. మనిషి ముఖమే అలా పాడవుతుంటే, ముక్కు నుంచి తోక దాకా ఎనిమిది అడుగులుండే జంతువు సంగతి చెప్పేదేముంది!

అందుకే గుర్రాల ఫోటోలే వృత్తిగా ఉన్నవాళ్లు ముందు వెనక్కి నడుస్తారు. 85 నుంచి 200 మిల్లీమీటర్ల లెన్సు పెట్టుకుని, గుర్రం మొత్తం ఫ్రేములో పట్టేంత దూరం వెళతారు. ఫోన్‌తో తీసేవాళ్లు రెండు రెట్లో మూడు రెట్లో జూమ్ చేసి దూరం జరిగితే చాలావరకు అదే ఫలితం వస్తుంది. ఆ తర్వాత మోకాళ్లు వంచి, లెన్సును గుర్రం పొట్ట మధ్య ఎత్తుకు దించాలి. నిలబడి కంటి ఎత్తు నుంచి తీస్తే కాళ్లు పొట్టివైపోతాయి. గుర్రాల వాళ్లు ఫోటోలో మొదట చూసేది ఆ కాళ్లనే.

ఈ కళలో అతి కష్టమైనది పరుగెత్తే గుర్రమని చాలామంది అనుకుంటారు. నా మటుకు నాకు కదలకుండా పక్కకు తిరిగి నిలబడ్డ గుర్రమే కష్టం. కాంఫర్మేషన్ ఫోటో అంటారు దాన్ని. దూరాన ఉన్న కొనుగోలుదారు ఆ ఒక్క ఫోటో చూసి భుజం వాలు, వీపు పొడవు, గిట్ట పైన కణుపు వంపు లెక్క వేసుకుంటాడు. కెమెరా వైపున్న ముందు కాలు నిటారుగా ఉండాలి, అవతలిది దానికి కాస్త వెనక. వెనక కాళ్లలో ఇవతలిది కొంచెం వెనక్కి, అవతలిది కొంచెం ముందుకు. అప్పుడు నాలుగు కాళ్లూ విడివిడిగా కనిపిస్తాయి. నేల చదునుగా ఉండాలి, లేకపోతే మూపు ఒక ఎత్తున, పిరుదులు ఒక ఎత్తున తేలి లేని వంకర కనిపిస్తుంది. గడ్డి పొడుగ్గా ఉంటే గిట్టలు మునిగిపోతాయి. వెనక కరెంటు స్తంభం ఉంటే చెవుల మధ్యలోంచి మొలిచినట్టుంటుంది. ఇవన్నీ కుదిరేసరికి ఈగ వాలుతుంది, గుర్రం కాలు మారుస్తుంది. మళ్లీ మొదటికి. విసుక్కోకుండా మళ్లీ నిలబెట్టగలిగినవాడికే ఈ ఫోటో దక్కుతుంది.

కెమెరా పుట్టకముందే ఈ చూపు ఉంది. మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద తెలుగులో పద్యకావ్యమే రాశాడు. ఇంగ్లండులో జార్జ్ స్టబ్స్ అనే చిత్రకారుడు హోర్క్‌స్టో అనే పల్లెలో ఏడాదిన్నర పాటు చనిపోయిన గుర్రాలను కోసి, చర్మం, కండరం, ఎముక ఒక్కో పొరా విప్పి చూసి గీశాడు. ఆ బొమ్మలు 1766లో ‘ది అనాటమీ ఆఫ్ ది హార్స్’ పేరుతో పుస్తకమయ్యాయి. లండన్ నేషనల్ గ్యాలరీలో ఆయన గీసిన ‘విజిల్‌జాకెట్’ ఉంది. నిలువెత్తు గుర్రం, దాని వెనక చెట్టు లేదు, కొండ లేదు, ఆకాశం కూడా లేదు. సాదా నేపథ్యం ఎంత పని చేస్తుందో తెలియాలంటే ఆ ఒక్క చిత్రం చాలు.

అంతటి స్టబ్స్ కూడా దౌడు దగ్గర పొరబడ్డాడు. ఆ కాలపు చిత్రకారులందరిలాగే ముందు కాళ్లు ముందుకు, వెనక కాళ్లు వెనక్కి బార్లా చాపి గాల్లో తేలుతున్నట్టు గీశాడు. 1878 జూన్‌లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ దారి పొడవునా వరసగా కెమెరాలు పెట్టి, గుర్రం తగలగానే షట్టర్ తెరుచుకునేలా దారాలు కట్టాడు. దౌడులో నాలుగు కాళ్లూ నేల విడిచేది చాపినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడని అప్పుడు తేలింది.

మీట నొక్కాల్సిన క్షణాన్ని నడకే చెబుతుంది. ట్రాట్ అనే నడకలో ఎదురుబొదురు మూలల కాళ్లు జంటగా కదులుతాయి. ఆ జంట పూర్తిగా చాచుకున్నప్పుడు తీస్తే గుర్రం తేలిగ్గా, ఠీవిగా ఉంటుంది. కాంటర్ అనే నడకలో మూడు దెబ్బలు వినిపిస్తాయి. మూడో దెబ్బకు బరువంతా ఒక్క ముందు కాలి మీదే పడుతుంది. అప్పుడు తీస్తే గుర్రం ముందుకు తూలి పడిపోతున్నట్టుంటుంది. కన్ను కంటే చెవి బాగా పనికొచ్చే చోటిది: కాసేపు కెమెరా దించి గిట్టల చప్పుడు విని, లయ పట్టుకుని, అప్పుడు తీయండి. దౌడుకు షట్టర్ సెకనులో వెయ్యో వంతు గాని, అంతకన్నా వేగం గాని ఉండాలి.

వెలుగు విషయం తేలికే. పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండలో చర్మం నిగనిగలాడుతుంది. ఫ్రేము నిండా నల్ల గుర్రమే ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగు చేస్తుంది, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి. నిండా తెల్ల గుర్రమైతే కొంచెం పెంచండి.

ఇక చెవులు. అవి ముందుకు నిక్కితే గుర్రం దేన్నో ఆసక్తిగా చూస్తున్నట్టు. వెనక్కి పూర్తిగా అతుక్కుంటే కోపంగానో బాధగానో ఉన్నట్టు. కార్తీకంలో పుష్కర్ సంతకు వెళ్లేవాళ్లు మార్వాడీ గుర్రాన్ని తప్పకుండా ఎదుటి నుంచి ఒకటి తీయాలి. లోపలికి వంగిన ఆ చెవుల కొసలు ఒకదాన్నొకటి తాకే అందం పక్క నుంచి కనపడదు. చెవులు నిక్కించడానికి ఉలవల డబ్బా గలగలలాడించినా సరే, ప్లాస్టిక్ కవరు నలిపినా సరే. కాళ్లు, తల, వెలుగు అన్నీ కుదిరాకే ఆ చప్పుడు చేయించండి. రెండోసారికి గుర్రం పట్టించుకోదు.

గుర్రానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది గాని, నుదుటికి సరిగ్గా ఎదురుగా, తోకకు సరిగ్గా వెనక కనపడదు. మాట్లాడుతూ భుజం వైపు నుంచి దగ్గరికి వెళ్లాలి. ఫ్లాష్ వద్దు.

ఒక ఫోటో మాత్రం ఎంత ‘జోరుగా’ ఉన్నా తీయకూడదంటాను. నోరు తెరుచుకుని, పళ్లు బయటపడి, కంట్లో తెల్లగుడ్డు మెరిసే ఫోటో. బారాత్‌లో దాన్ని హుషారు అనుకుంటారు. అది కళ్లెం లాగుడుకు పుట్టిన నొప్పి. ముళ్లున్న కళ్లేలను 1965 నాటి కేంద్ర నిబంధనలే నిషేధించినా, ఇప్పటికీ అక్కడక్కడా వాడుతున్నారు. అలాంటిది కనపడితే కళ్లెం మార్చమని గుర్రం మనిషికీ, గుర్రాన్ని పిలిపించిన పెళ్లివారికీ చెప్పండి. మామూలు కళ్లెమైతే పగ్గాలు వదులు చేయమని అడగండి. పెదవి సడలి, మెడ కిందికి దిగి, చెవులు అటూ ఇటూ తిరగడం మొదలయ్యాక కెమెరా ఎత్తండి.