మరొక బ్యాటరీ తగిలిస్తే చాలునా?

పాలంపేటలోని రామప్ప దేవాలయాన్ని చూడడానికి మన పాఠశాలలనుండి ఏటా విద్యార్థులు విహారయాత్రకు వెళ్తుంటారు. ఆ తరగతిలో చక్రాల కుర్చీలో కూర్చుండి తిరిగే విద్యార్థి ఒకడు ఉన్నాడనుకొందాము. అతడు తోటివారితో కలిసి గుడి చుట్టూ, చెరువు గట్టుదాకా తిరుగవలెనా, లేక బస్సులోనే కూర్చుండి పోవలెనా? ఈ ప్రశ్నకు నేడు చాలామంది చెప్పే సమాధానం ఒక యంత్రం: కుర్చీ ముందు భాగాన తగిలించుకొనే మోటారు చక్రం.

ఇది మెచ్చదగిన సాధనమే. ఆరుబయట మోటారుతో పోవచ్చును. ఇంటికి రాగానే దానిని విడదీసి, అదే కుర్చీతో గుమ్మం దాటి లోపలికి పోవచ్చును. మద్రాసు ఐ.ఐ.టి. పరిశోధకులు నియోమోషన్ సంస్థతో కలిసి 2021లో విడుదల చేసిన 'నియోబోల్ట్' ఇట్టిదే. గంటకు 25 కిలోమీటర్ల గరిష్ఠ వేగం, ఒకసారి ఛార్జి చేస్తే 25 కిలోమీటర్ల దూరం అని దానినిగురించి ప్రకటించారు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో కదలికకు సంబంధించిన వైకల్యం గలవారు సుమారు 54 లక్షలమంది. కనుక ఇది చిన్న విషయం కాదు.

అయితే ఇట్టి సాధనాన్ని చూడగానే వినవచ్చే సలహా ఒకటి ఉన్నది: “దూరం చాలదా? మరొక బ్యాటరీ తగిలించండి, రెండింతలు వస్తుంది.” విజ్ఞాన ప్రదర్శన కోసం నమూనాలు తయారుచేసే విద్యార్థులకు కూడా మొదట తోచేది ఇదే. ఈ సలహాలో సగం నిజమున్నది. మిగిలిన సగంలో ప్రమాదమున్నది.

మొదట నిజమెంతో చూతము. మనిషి, కుర్చీ, మోటారు చక్రం కలిసి 100 కిలోగ్రాములనుకొందాము. చదునైన తారురోడ్డుమీద చక్రాలు దొర్లడానికి సుమారు 15 న్యూటన్ల బలం కావలెను. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతే గాలి నిరోధం మరొక 7 న్యూటన్లు. మొత్తం 22 న్యూటన్లు. ఒక కిలోమీటరుకు 22,000 జౌళ్ళు, అనగా సుమారు 6 వాట్-గంటలు. మోటారులోను తీగలలోను కొంత శక్తి వేడిగా పోతుంది గనుక బ్యాటరీనుండి 9 వాట్-గంటలు తీసుకోవలసివస్తుంది. 36 వోల్టులు, 10 ఆంపియర్-గంటల బ్యాటరీలో 360 వాట్-గంటల శక్తి ఉంటుంది. దానితో 40 కిలోమీటర్లు పోవచ్చును.

అదే బండి కంకర తేలిన మట్టిబాట మీదికి దిగితే దొర్లుడు నిరోధం 40 న్యూటన్లు కావచ్చును. అప్పుడు ఆ బ్యాటరీ 19 కిలోమీటర్లకే సరి. మట్టిబాటకు తోడు 20 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎత్తు పెరిగితే, 9 కిలోమీటర్లే! బ్యాటరీ ఒక్కటే, దారినిబట్టి దూరం నాలుగింతలు మారింది. కనుక ఏ దారిమీద, ఎంత బరువుతో అన్నది చెప్పక “ఇన్ని కిలోమీటర్లు” అనుట అసంపూర్ణమైన మాట. యంత్రాలను వర్ణించే వార్తలలో కనిపించే లోపమిది.

ఇక ప్రమాదం. 36 వోల్టుల లిథియం బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 42 వోల్టులు చూపుతుంది; బాగా వాడిన పిదప 33కు దిగుతుంది. నిండిన దానిని, వాడిన దానిని సమాంతరంగా కలిపితే ఏమగును? భేదం 9 వోల్టులు. రెండింటి అంతర్నిరోధం, తీగల నిరోధం కలిపి 0.2 ఓము అనుకొంటే, ఓము సూత్రం ప్రకారం 45 ఆంపియర్ల ప్రవాహం ఒక్కసారిగా ఒకదానినుండి మరొకదానిలోకి ఉరుకుతుంది. మోటారుకు కావలసినది 7 ఆంపియర్లు. ఛార్జరు ఇచ్చేది రెండో మూడో. ఇట్టి బ్యాటరీలలో సాధారణంగా కాపలాగా ఒక రక్షక వలయం ఉంటుంది నిజమే. కాని కొన్నింటిలో అది ఛార్జి చేసే ద్వారాన్ని మాత్రమే అదుపులో ఉంచుతుంది, మోటారుకు పోయే ద్వారంగుండా ఎదురువచ్చే ప్రవాహాన్ని ఆపదు. తీగలు కాలవచ్చును, ఘటాలు వేడెక్కి అంటుకొనవచ్చును. కుర్చీలోని మనిషి లేచి పరుగెత్తలేడన్న సంగతి ఇక్కడ మరువరాదు.

శ్రేణిలో కలిపితే మరొక విధమైన చేటు. రెండు నిండు బ్యాటరీల వోల్టేజి 84కు చేరుతుంది. 63 వోల్టులకు మించి తట్టుకోలేని కెపాసిటర్లున్న నియంత్రకం క్షణంలో పాడైపోతుంది.

బరువు మాట కూడ ఉన్నది. 360 వాట్-గంటల లిథియం బ్యాటరీ రెండున్నర కిలోలు తూగితే, అంతే శక్తిగల సీసపు బ్యాటరీ పది కిలోలు దాటుతుంది. దానిని కుర్చీ వీపు వెనుక వ్రేలాడదీయడం పలువురి అలవాటు. కాని లాగేది ముందు చక్రం. బరువు వెనుకకు జరిగినకొద్దీ ముందు చక్రానికి నేలమీద పట్టు తగ్గుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, కంకరమీద, ఆ చక్రం ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. శక్తి పెరిగింది, కదలిక పోయింది!

మరి సరియైన పద్ధతి ఏది? తయారుచేసినవారే ఇచ్చిన అదే రకపు బ్యాటరీని సంచిలో ఉంచుకొని, మొదటిది అయిపోయిన పిదప బండి ఆపి మార్చుకోవడం. ఒకటి తరువాత ఒకటి. రెండూ ఒకేసారి కాదు. ఇది ప్రదర్శనలో ఆకర్షణీయంగా కనిపించదు, కాని ఇదే క్షేమం.

ఇప్పుడు పాలంపేటకు తిరిగి వద్దాము. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ ఆలయం 2021లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. చెరువు నడక దూరంలోనే ఉన్నది. ఇంతమాత్రపు తిరుగుడుకు ఒక్క బ్యాటరీయే ఎక్కువ. కాని ఆలయం నిలిచినది సుమారు 6 అడుగుల ఎత్తైన నక్షత్రాకారపు తిన్నెమీద. 100 కిలోల బండిని అంత ఎత్తుకు లేపడానికి కావలసిన శక్తి లెక్కకట్టి చూడండి: 1,800 జౌళ్ళు, అనగా అర వాట్-గంట! మన బ్యాటరీలో దానికి 720 రెట్ల శక్తి ఉన్నది. అయినను ఆ మోటారు చక్రం ఒక్క మెట్టు కూడ ఎక్కలేదు. కొరత శక్తిలో లేదు, దారిలో ఉన్నది. 12కు 1 చొప్పున వాలు దారి వేయాలంటే ఆ ఎత్తుకు దాదాపు 22 మీటర్ల పొడవు కావలెను. పురాతన శిల్పాన్ని తాకకుండా, తీసివేయగల కొయ్య వాలును ఏర్పరచడం ఇంజనీరుకు బ్యాటరీ కలపడం కంటె కష్టమైన పని, ఎక్కువ ఉపయోగమైన పని.

ఉపాధ్యాయులకు ఒక సూచన. ఖాళీ చక్రాల కుర్చీలో తెలిసిన బరువును పెట్టి, స్ప్రింగు త్రాసుతో తారురోడ్డు మీద, ఆటస్థలంలో, వాలుమీద మెల్లగా లాగించి, త్రాసు చూపిన అంకెలను విద్యార్థులచేత వ్రాయించండి. ఆ తరువాత యాత్రకు బయలుదేరేముందు, అక్కడి దారిలో ఎన్ని మెట్లున్నవో కనుక్కొనమనండి. మొదటి పట్టిక బ్యాటరీ ఎంత కావలెనో చెబుతుంది. రెండవది ఆ విద్యార్థి బస్సు దిగగలడో లేదో చెబుతుంది.