వజ్రం దొరికిందన్న వార్త

హైస్కూలు పిల్లలకు వార్తను పరీక్షించి చదవడం నేర్పడానికి కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతంలో పాఠం కోసం వెతుక్కోనక్కర్లేదు. తొలకరి వానకు మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లో జనం వజ్రాలకు వెతుకుతారు. ఆ వెంటే వార్త వస్తుంది: కూలీకి వజ్రం దొరికింది, లక్షలు పలికింది. ఈ వారమూ అదే ఫోన్లలో తిరిగింది.

ఆ వార్తను అడగాల్సినవి కొన్నే. దొరికిందని చెప్పిందెవరు? ధర చెప్పింది కొన్న వ్యాపారా, పక్కన నిలబడి చూసినవాళ్లా? బేరాలు గుట్టుగా సాగుతాయి కాబట్టి ధర దగ్గరే కథ పెరుగుతుంది. అసలు ప్రశ్న మాత్రం వార్తలో లేని అంకె గురించి. అదే రోజు పొద్దంతా వంగి వెతికి, ఛార్జీలు కూడా పోగొట్టుకుని ఉత్త చేతులతో ఇల్లు చేరినవాళ్లెందరు? వాళ్ల గురించి ఎవరూ రాయరు. ఇది లెక్కల మాస్టరు చెప్పాల్సిన పాఠం.

వజ్రం వార్తను నమ్మితే పోయేది ఛార్జీలే. పుకారు ప్రాణాలే తీసిన ఏడాది 2018. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలున్నాయన్న వాట్సాప్ సందేశాలు నమ్మి తెలుగు నేలమీదా అమాయకులను కొట్టారు. తుంగభద్ర అవతలి జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊళ్లకు పోలీసులను పంపి, డప్పుతో, పాటతో జనానికి నచ్చజెప్పించారు. ఆ రోజుల్లోనే కేరళలోని కన్నూరు జిల్లా సుమారు 150 ప్రభుత్వ బడుల్లో అబద్ధపు వార్తలను పట్టుకునే పాఠాలు మొదలుపెట్టింది.

ఇదంతా చూస్తే పిల్లలకు అనుమానించడం నేర్పితే చాలనిపిస్తుంది. చాలదు. జొన్నగిరి చేలల్లో వజ్రాలు నిజంగానే దొరుకుతాయి. అంతా బూటకమని కొట్టిపారేసే పిల్లవాడూ వార్తను చదవనట్టే. పాత మాటల్లోనూ ఇంతే. అప్పటి మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు, ఇది చరిత్ర. అంతకు ముందు కడప సీమలోని గండి దగ్గర ఆయనకు బంగారు తోరణం కనబడిందన్నది జనం చెప్పుకునే కథ. రెండూ పిల్లలకు అందాలి. ఏది ఏ రకం మాటో విడదీయడం రావాలి.

దీనికి కొత్త సబ్జెక్టు వద్దు. సబ్జెక్టు చేసి పరీక్ష పెడితే గైడు వస్తుంది, గైడు వస్తే ప్రశ్న చస్తుంది. టమాటా ధర పడిపోయిందని పేపర్లో వచ్చిన రోజు, నాయనకు మండీలో రాసిచ్చిన చీటీని పిల్లలు బడికి తెచ్చి పక్కన పెట్టి చూడనివ్వండి. పత్తికొండ మాస్టర్లు జూన్‌లో బడి తెరిచిన మొదటి వారమే ఒక పీరియడు ఇందుకు కేటాయించాలి.